నెట్‌ప్లాన్ ట్రై: మిర్యాలగూడకు బండి తీయించని కమాండ్

ఉబుంటు లైనక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ చూసుకునే నెట్‌ప్లాన్ అంటే మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఉబుంటు సర్వర్ పాత వెర్షన్లలో ఇంటర్‌ఫేసెస్ అనే ఫైల్‌లో నాలుగు లైన్లు రాస్తే పని అయిపోయేది. 18.04 నుంచి అంతా యామల్ అనే పద్ధతిలో రాసే ఫైళ్లే. స్పేస్‌లు అటూఇటూ అయితే ఒప్పుకోదు, ట్యాబ్ కొడితే అసలే ఒప్పుకోదు. పైగా బయటికి వెళ్లే దారి చెప్పే, అలవాటైన గేట్‌వే4 లైన్‌ను కొత్త వెర్షన్లలో వద్దంటున్నారు, దాని బదులు రూట్స్ కింద డిఫాల్ట్ అని రాయాలట. ఐపీ, డీఎన్ఎస్ ఎలా రాయాలో ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఆ జోలికి పోను. ఇన్నేళ్లయినా ఈ యామల్ నాకు నచ్చలేదు. ‘నెట్‌ప్లాన్ ట్రై’ అనే ఒక్క కమాండ్ కోసం మిగతాదంతా భరిస్తున్నాను.

మామూలుగా వాడే ‘నెట్‌ప్లాన్ అప్లై’ కొడితే మార్పు ఖాయం, లైన్ తెగితే మన ఖర్మ. ‘ట్రై’ కొడితే మార్పు అమల్లోకి వస్తుంది కానీ 120 సెకన్లలో మనం ఎంటర్ కొట్టకపోతే పాత సెట్టింగ్స్ తిరిగి వచ్చేస్తాయి. సర్వర్ పక్కనే కూర్చునేవాళ్లకు ఇది పెద్ద విషయంగా అనిపించదు. నేనుండేది నల్లగొండలో. చూసుకునే సర్వర్లలో ఎక్కువ భాగం మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఆఫీసుల్లో, బీరువా పక్కన ఓ మూలన, మానిటర్ కూడా లేకుండా నడుస్తుంటాయి.

వానాకాలం వడ్లు దిగే రోజుల్లో ఒక మిల్లువాళ్లు ఇంటర్నెట్ లైన్ మార్చారు. ఫైబర్ డబ్బా బిగించి వెళ్లిన కుర్రాడు ఫోన్ చేసి, “గేట్‌వే 192.168.1.254 పెట్టిన సార్, మీరు మార్చుకోండ్రి” అన్నాడు. పాత లైన్ ఇంకా తీయలేదు. రాత్రి వీపీఎన్ మీదుగా ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచే కమాండ్లు కొట్టే దారి) లోపలికి వెళ్లి, డిఫాల్ట్ రూట్‌ను, అంటే బయటికి వెళ్లే దారిని, కొత్త డబ్బాకు తిప్పి ట్రై కొట్టాను. సెకన్ల లెక్క 118 దాకా దిగి అక్కడే బిగుసుకుపోయింది. పింగ్ కొడితే సర్వర్ నుంచి జవాబు లేదు. వెంటనే మిల్లు గుమాస్తాకు ఫోన్ చేశాను.

“అన్నా, కాంటా స్లిప్పులు వస్తున్నయా?”

“వస్తున్నయ్ సార్. లోపల్నే ఇంక మూడు లారీలున్నయ్. ఏమైంది?”

కాంటా కంప్యూటర్ సర్వర్‌తో మాట్లాడేది లోపలి స్విచ్ మీదుగానే కాబట్టి స్లిప్పులకు ఢోకా లేదు. పోయింది బయటి దారి మాత్రమే. “ఏం కాలేదన్నా, ఆ కొత్త డబ్బా కింద స్టిక్కర్ ఉంటది, ఒకసారి తిప్పి చదువు” అన్నాను. ఆయన కళ్లజోడు వెతుక్కుని, ఒక్కో అంకె కూడబలుక్కుంటూ 192.168.100.1 అని చదివాడు. కుర్రాడు కంపెనీ నుంచి వచ్చిన అడ్రస్‌ను అలాగే వదిలేసి, మార్చానని చెప్పాడన్నమాట. ఆ అంకెలు రాసుకుంటుండగా ఎదురుగా ఉన్న విండోలో కదలిక వచ్చింది. గడువు తీరి పాత రూట్ తిరిగొచ్చింది, సెషన్ కూడా తెగలేదు. అప్లై కొట్టి ఉంటే తెల్లవారకముందే మిర్యాలగూడ రోడ్డెక్కేవాణ్ని.

ఆ రాత్రి నుంచి కనిపించిన వాళ్లందరికీ ఈ కమాండ్ గురించి చెప్పాను. ఇప్పుడైతే కొంచెం తగ్గించి చెబుతాను. ట్రై వెనక్కి తిప్పేది నడుస్తున్న సెట్టింగ్స్‌నే. మనం ఎడిట్ చేసిన యామల్ ఫైల్ అలాగే ఉంటుంది. కరెంటు పోయి, యూపీఎస్ చేతులెత్తేసి సర్వర్ మళ్లీ లేస్తే చదివేది ఆ కొత్త ఫైల్‌నే. అందుకే ముట్టుకునే ముందు ఒక కాపీ తీసి పెట్టుకుంటాను, ట్రై వెనక్కి వస్తే వెంటనే ఆ పాత ఫైల్ పెట్టేస్తాను. కాపీ పేరు చివర యామల్ అని ఉండకూడదు. ఉంటే నెట్‌ప్లాన్ దాన్ని కూడా చదివి రెండూ కలిపేస్తుంది.

సర్వర్ సొంత ఐపీ మార్చేటప్పుడు ఇంకో తిప్పలు. మార్పు సరైనదే అయినా మన సెషన్ పాత అడ్రస్‌తో పాటే పోతుంది, ఇక ఎంటర్ కొట్టేదెలా? రెండు అడ్రస్‌లూ రాసి ట్రై చేసి, కొత్తదాంతో లోపలికి వచ్చాక పాతది తీసేయడమే నాకు కుదిరిన దారి.

అసలు దెబ్బ మహబూబ్‌నగర్‌లో తగిలింది. అక్కడి సర్వర్‌లో వర్చువల్ మెషీన్లను బయటి నెట్‌వర్క్‌తో కలిపే బ్రిడ్జి ఉంది, దానికి ఎస్‌టీపీ (నెట్‌వర్క్‌లో లూప్ పడకుండా చూసేది) లాంటి పారామీటర్లు రాసి ఉన్నాయి. బ్రిడ్జిలకు, బాండ్‌లకు (రెండు మూడు నెట్‌వర్క్ కార్డులను ఒకటిగా కలిపి వాడేవి) ఇలాంటివి ఉంటే వెనక్కి తిప్పడం తన వల్ల కాదని, జాగ్రత్తగా చూసుకుని అప్లై కొట్టుకోమని ట్రై ముందే చేతులు కడిగేసుకుంటుంది. ఏ మాటకామాట, చెప్పి తప్పుకోవడం నయమే. కానీ నల్లగొండ నుంచి కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా అంత దూరం వెళ్లాల్సిన చోటే అది పనికిరాకపోతే ఎలా ఉంటుంది? అక్కడ చెప్పిన టైముకు పని చేసిపెట్టే ‘అట్’ కమాండ్‌తో పది నిమిషాల తర్వాత పాత ఫైల్ పెట్టి అప్లై చేసేలా పని అప్పజెప్పి, అంతా బాగుంటే దాన్ని రద్దు చేస్తున్నాను. నడుస్తోంది, టెన్షన్ మాత్రం తగ్గలేదు.

నాలాగా ఒకే నెట్‌వర్క్ కార్డు, మామూలు ఐపీ, పక్కన మనిషి లేని సర్వర్లు చూసుకునేవాళ్లయితే అప్లైని మర్చిపోయి ట్రైనే వాడండి. దూరం నుంచే స్క్రీన్ చూపించే రిమోట్ కన్సోల్ ఉన్న ఖరీదైన సర్వర్లు గానీ, రెడ్ హ్యాట్ తరహా లైనక్స్ గానీ వాడేవాళ్లు ఇది చూసి ఉబుంటుకు మారాల్సిన పనేమీ లేదు. బ్రిడ్జిలు ఎక్కువగా ఉన్నవాళ్లకైతే నేనేం చెప్పలేను, నాకే ఇంకా కుదురుకోలేదు.