మెసా సాఫ్ట్‌వేర్: హీలియం ఫ్లాష్‌ను లెక్కగట్టి చూపే తీరుపై సమీక్ష

బిల్ ప్యాక్స్‌టన్ బృందం 2011లో పరిశోధన పత్రంతో పరిచయం చేసిన మెసా, నక్షత్రాల పరిణామాన్ని లెక్కగట్టే ఉచిత సాఫ్ట్‌వేర్. దాని సత్తా తేల్చడానికి, నక్షత్ర గర్భంలో హీలియం ఒక్కసారిగా అంటుకునే హీలియం ఫ్లాష్ కంటే కఠినమైన పరీక్ష అరుదు.

సూర్యుడికి సుమారు రెండు రెట్ల లోపు ద్రవ్యరాశి గల నక్షత్రాలు అరుణ మహాతారలయ్యే దశలో, గర్భంలోని హీలియం ఎంతగా కుదించుకుపోతుందంటే, అక్కడి పీడనం దాదాపుగా ఎలక్ట్రాన్ల డీజెనరసీ (ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఇంకా దగ్గరికి నొక్కడాన్ని అడ్డుకునే స్థితి) వల్లనే వస్తుంది తప్ప ఉష్ణోగ్రత మీద ఆధారపడదు. అందువల్ల 10 కోట్ల డిగ్రీల దగ్గర హీలియం అంటుకున్నా గర్భం వెంటనే వ్యాకోచించి చల్లబడదు. వేడి సంలీనాన్ని (పరమాణు కేంద్రకాలు కలిసిపోయే చర్యను), సంలీనం వేడిని ఎగదోస్తూ పోతాయి. పతాక స్థాయిలో గర్భంలో పుట్టే శక్తి సూర్యకాంతికి వందల కోట్ల రెట్లు ఉన్నా, అది డీజెనరసీని తొలగించి గర్భాన్ని విప్పార్చడానికే ఖర్చవుతుంది కనుక బయటికి ఆ మెరుపు కనిపించదు.

టెలిస్కోపుకు అందని ఈ ఘట్టాన్ని మెసా కళ్లకు కట్టిస్తుంది. అప్పటిదాకా వేల ఏళ్ల చొప్పున సాగిన లెక్క, ఫ్లాష్ దగ్గరపడగానే దానంతటదే గంటల స్థాయి అడుగుల్లోకి దిగుతుంది. ఉష్ణోగ్రత, సాంద్రతల గ్రాఫు ఎదురుగా గీసుకుంటూ పోతుంటే, గీత మీద తొలి మెలిక నట్టనడుమ కాకుండా కాస్త బయటి పొరలో లేస్తుంది. పదార్థంలోంచి దాదాపు అడ్డులేకుండా దూసుకుపోయే న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు శక్తిని మోసుకుపోవడం వల్ల కేంద్రం చల్లగా ఉండటమే దానికి కారణం. ఆ తర్వాత చిన్న ఫ్లాష్‌లు సుమారు 20 లక్షల ఏళ్ల పాటు ఒక్కొక్కటిగా లోపలికి జరుగుతాయి. నా దృష్టిలో ఈ సాఫ్ట్‌వేర్‌కు ఇదే అసలైన ఆకర్షణ.

లోపాలు లేకపోలేదు. బటన్లు నొక్కి నడిపించేది కాదిది; ఆదేశాలు టైపు చేసే కమాండ్ లైన్ అలవాటు లేనివారికి ఇన్‌స్టాలేషన్ దగ్గరే ఓపిక నశించవచ్చు, లెక్కకు కావలసిన అమరికలు రాసే ఇన్‌లిస్ట్ ఫైలులో ఒక్క ఐచ్ఛికం పేరు తప్పు పడినా లెక్క మొదలే కాదు. అంతకన్నా ముఖ్యంగా, నక్షత్రాన్ని సంపూర్ణ గోళంగా భావించి వ్యాసార్థం వెంట మాత్రమే లెక్కించే ఈ ఏకమితీయ పద్ధతిలో, గర్భంలోని సంవహనాన్ని (వేడి పదార్థం పైకి లేచి, చల్లనిది కిందికి దిగే కదలికను) ఉజ్జాయింపు సూత్రాలతో సరిపెట్టవలసి వస్తుంది. ఫ్లాష్ సాగే తీరుపై వచ్చే అంకెలను ఆ మేరకే నమ్మాలి.

కొత్తగా చేపట్టేవారు సొంత ఇన్‌లిస్ట్ రాసుకోవడం కంటే, సూర్యుడంత నక్షత్రాన్ని పుట్టుక నుంచి శ్వేత కుబ్జతార దాకా నడిపించే ఉదాహరణ ప్యాకేజీలోనే ఉంది కాబట్టి, దానిని నకలు చేసుకుని అక్కడి నుంచి మార్పులు చేయడం మేలు.