బ్యాక్‌వర్డ్-సీపీపీ: పత్తి సీజన్లు దాటినంక నా రివ్యూ

బ్యాక్‌వర్డ్-సీపీపీ అంటే సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ పడిపోతే ఏ లైన్ కాడ పడ్డదో చూపే లైబ్రరీ. సీ ప్లస్ ప్లస్ రాసేటోళ్లకు ఈ బాధ కొత్తగ చెప్పేదేం లేదు. ప్రోగ్రామ్ సెగ్‌ఫాల్ట్ కొట్టి, అంటే ముట్టుకోరాని మెమరీ ముట్టుకొని, పడిపోతది, లాగ్ తెరిస్తే 0ఎక్స్ తోటి మొదలయ్యే అంకెలు వరుసగ ఉంటయి, గంతే. అవి ఒక్కొక్కటి యాడర్‌టులైన్‌కు, అంటే అంకె ఇస్తే కోడ్ లైన్ చెప్పే టూల్‌కు, ఇచ్చుకుంట కూసోవాలె, అది కూడా అక్కడ నడిచిన బిల్డే మన దగ్గర ఉంటేనే, మధ్యల ఒక్క లైన్ మార్చి మళ్ల కంపైల్ చేసినమంటే ఇంకెక్కడిదో లైన్ చూపిస్తది. నేను ఉండేది హన్మకొండల, నా సాఫ్ట్‌వేర్ నడిచేది జమ్మికుంట దిక్కు జిన్నింగ్ మిల్లులల్ల, వేబ్రిడ్జి కాంటా మీద. దీపావళి దాటినంక పత్తి బండ్లు లైన్ కట్టినయంటే కాంటా ఆగుడు అనేది మామూలు విషయం కాదు.

ఇన్‌స్టాల్ సంగతులు రాయను, ఒక హెడర్ ఫైల్, ఒక సీపీపీ ఫైల్, ఎవ్వరైనా పెట్టుకుంటరు. రెండు మాత్రం మర్చిపోవద్దు, డీబగ్ సమాచారం తోటి కంపైల్ చేయాలె, ఆ సమాచారం చదివే లిబ్‌డీడబ్ల్యూ లాంటి లైబ్రరీ లింక్ చేయాలె. అవి లేకపోతే లైన్ నంబర్లు, కోడ్ కనబడయి.

నాకు ప్రాణం లేచొచ్చింది ఒక్క ఫీచర్‌కే. ట్రేస్‌ల, అంటే పడేటప్పుడు ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చెప్పే లిస్టుల, ఫంక్షన్ పేరు, లైన్ నంబర్ అందరు ఇస్తరు, సీ ప్లస్ ప్లస్ 23ల స్టాక్‌ట్రేస్ లైబ్రరీ కూడా ఇస్తది. ఇది మాత్రం ఆ లైన్‌ను, దాని మీదికి కిందికి కొన్ని లైన్ల కోడ్‌ను అక్కడనే అచ్చేస్తది, పడ్డ లైన్ ముంగట బాణం లెక్క గుర్తు పెడతది. పైతాన్‌ల లెక్కనే ఆఖరు కాల్ అన్నిటికన్నా కింద ఉంటది కాబట్టి స్క్రీన్ మీద అడుగున చూస్తే చాలు, పైకి స్క్రోల్ చేసే పనే లేదు.

ఒక మిల్లుల కాంటా ఆపరేటర్ తమ్ముడు పొద్దున్నే స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్‌ల పంపిండు. "అన్నా, అడుగున ఒక లైన్‌కు గుర్తు పెట్టి ఉన్నది, అదేనా నీకు కావాల్సింది" అన్నడు. అదే. ఫొటోల బండి పాయింటర్ నుంచి లోడు తూకం తీసుకొని, అందుల ఖాళీ తూకం తీసేసే లైన్ సాఫ్‌గ కనబడుతున్నది, కింద అడ్రస్ నిల్ అని ఉన్నది. ఫోన్ చేసి అడిగితే తెలిసింది ఏందంటే, లోడు తూకం చిట్టి క్యాన్సిల్ చేసి, అదే ట్రాక్టర్‌ను ఖాళీ తూకానికి ఎక్కిచ్చిండ్రు, మొదటి ఎంట్రీనే లేదాయె, పాయింటర్ నల్, అంటే ఖాళీ, వచ్చింది. చాయ్ తాగేలోపల ఫిక్స్ పంపిన. ఇంతకుముందైతే బస్సెక్కి పోయి ఆ మిషన్ ముంగట కూసునేటోన్ని.

కోడ్ కనబడాలంటే సోర్స్ కూడా ఆ మిషన్‌లనే ఉండాలె, ఫోల్డర్ వేరే అయితే సోర్స్ ప్రిఫిక్స్ వేరియబుల్‌ల దారి చెప్పాలె. మా మిషన్లు మావే కాబట్టి సోర్స్ అక్కడ పెట్టిన. వేరేటోళ్ల కంప్యూటర్ల సోర్స్ పెట్టనిస్తరా అంటే డౌటే, అప్పుడు లైన్ నంబర్ వరకే.

ఇగ గొడవ సంగతి. మంచి సీజన్‌ల ఒకరోజు కాంటా ప్రోగ్రామ్ ఆగిపోయింది, పడిపోలేదు, ఆగిపోయింది. పడిపోతే లైనక్స్‌ల ప్రోగ్రామ్‌లను నడిపే సిస్టమ్‌డీ లేపుతది, లేపలేదు, ఎందుకంటే ప్రాసెస్ ఇంకా బతికే ఉన్నది. బయట బండ్లు గేటు దాటి రోడ్డు మీదికొచ్చినయి, సేటు ఫోన్ మీద ఫోన్. రిమోట్‌ల ఎక్కి జీడీబీ అనే డీబగ్గర్ తగిలిచ్చి చూస్తే కింద మెమరీ ఇచ్చే మాలోక్, దాని మీద సిగ్నల్ హ్యాండ్లర్ (పడేటప్పుడు ట్రేస్ అచ్చేసే ఈ లైబ్రరీ కోడ్), దాని మీద మళ్ల మాలోక్, లాక్ కోసం ఎదురుచూసుకుంట. సీరియల్ పోర్ట్ చదివేది వేరే థ్రెడ్, అది హీప్‌ను, అంటే మాలోక్ పంచిపెట్టే మెమరీని, ఖరాబ్ చేసింది, మాలోక్ లాక్ పట్టుకొని ఉండంగనే సెగ్‌ఫాల్ట్ వచ్చింది, ట్రేస్ అచ్చేసే కోడ్‌కు కూడా మెమరీ కావాలె, అదే లాక్ అడిగింది, ఇగ ఎప్పటికీ దొరకదు. సిగ్నల్ హ్యాండ్లర్‌ల మెమరీ తీసుకునే ఏ లైబ్రరీకైనా ఈ గండం ఉంటది, కానీ ట్రాక్టర్ మీద ఎండల కూసున్న రైతుకు ఈ ముచ్చట చెప్పలేం కదా.

ఇంకోటి, అసలు తప్పు ఆ ట్రేస్‌ల లేనే లేదు. ట్రేస్ చూపేది పడ్డ జాగా, హీప్ ఖరాబైన జాగా కాదు. ఇంటికాడ మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ తోటి నడిపితే దొరికింది, కాంటా ఇండికేటర్ నుంచి పొడుగు ఫ్రేమ్ (డేటా ముక్క) వచ్చినప్పుడు దానికి పెట్టిన బఫర్ దాటి రాస్తున్నది.

ఇప్పుడు సిస్టమ్‌డీ వాచ్‌డాగ్ పెట్టినం, మెయిన్ లూప్ నుంచి బతికే ఉన్న అనే కబురు రాకపోతే చంపి మళ్ల లేపుతది. వాచ్‌డాగ్ చంపనీకి పంపే సిగ్నల్‌ను సిగ్‌కిల్ చేసుకోండి, దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, మామూలుగ పోయేది సిగ్‌అబార్ట్, దాన్ని కూడా ఈ లైబ్రరీయే పట్టుకొని మళ్ల అదే లాక్ కాడ కూసునే గండం ఉన్నది.

మిషన్లు నా చేతుల ఉన్నయి, అవతల ఫొటో తీసి పంపే తమ్ముడు ఉన్నడు, అందుకే నాకు ఇది కావాలె, తీసెయ్య. సర్వర్లు వందల్ల ఉన్నోళ్లకైతే కోర్ డంప్ (పడ్డప్పుడు ప్రోగ్రామ్ మెమరీ కాపీ) తీసుకొని తర్వాత తీరికగ చూసుకునుడే నయమనిపిస్తది. వాచ్‌డాగ్ లేకుండ మాత్రం కాంటా మీద పెట్టొద్దు.