పదకొండేళ్ల రాళ్ల బీరువా

మా ఇంటికి వచ్చిన వాళ్లు శిలాజాల బీరువా ముందు నిలబడి మొదట అడిగేది "ఇవన్నీ నిజమైనవేనా?" అనే. పదకొండేళ్ల తర్వాత కూడా నా జవాబు "చాలావరకు" దగ్గరే ఆగిపోతుంది. నూటనలభై పైచిలుకు ముక్కల్లో మూడింటి మీద నాకే నమ్మకం లేదు. వాటిని సొరుగులో దాచాను. మిగిలినవాటిని ఇన్నేళ్లు కాపాడుకోవడానికి వాడిన వస్తువుల్లో ఏవి పనికొచ్చాయో, ఏవి నట్టేట ముంచాయో చెబుతాను.

నట్టేట ముంచింది మొదటి బీరువాయే. పాలిష్ పెట్టిన ఓక్ చెక్క, ముందు అద్దం, చూడముచ్చటగా ఉండేది. తలుపు బిగుతుగా పడుతుందని అప్పట్లో మురిసిపోయాను కూడా. ఓక్ లాంటి కొన్ని చెక్కలు ఏళ్ల తరబడి ఆమ్లపు ఆవిరి వదులుతూ ఉంటాయని, మూసిన అరలో అది పేరుకుంటుందని నాకు తెలియదు. రెండేళ్లకు గవ్వల మీద తెల్లటి నూగు కనిపించింది. బూజు అనుకుని తడిగుడ్డతో తుడిచాను. కొన్నాళ్లకు అది మరింత దట్టంగా వచ్చింది. దీనికి 'బైన్ వ్యాధి' అని పేరు. వ్యాధి అంటారు గానీ ఇందులో సూక్ష్మజీవి ఏదీ లేదు. గవ్వలోని కాల్షియం కార్బొనేట్‌తో ఆమ్లం కలిసి లవణంగా మారుతుంది, అంతే. తేమ తోడైతే వేగం పెరుగుతుంది. అంటే నా తడిగుడ్డ చేసింది సేవ కాదు, ద్రోహం. ఇప్పుడు పౌడర్ కోటింగ్ వేసిన ఉక్కు బీరువా వాడుతున్నాను. అందం తక్కువే, కానీ ఎనిమిదేళ్లుగా ఒక్క ఫిర్యాదూ లేదు.

రెండో దెబ్బ పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం)గా మారిన అమ్మోనైట్, అంటే చుట్టగవ్వ ఉన్న ప్రాచీన సముద్రజీవి శిలాజం. బంగారు రంగులో మెరిసే, అరచేతిలో పట్టేంత చుట్ట అది. దాన్ని నడిమి అరలో, అందరికీ కనిపించే చోట పెట్టాను. ఒక వానాకాలం తర్వాత తలుపు తీస్తే గంధకం వాసన కొట్టింది. గాలిలో తేమ అరవై శాతం దాటితే పైరైట్ చురుగ్గా ఆక్సీకరణం చెంది గంధకామ్లాన్ని, ఇనుప సల్ఫేట్‌ను పుట్టిస్తుంది. నా అమ్మోనైట్ అంచుల్లో పగిలి, పసుపు కలిసిన బూడిదరంగు పొడి రాల్చింది. ఆ ఆమ్లం కింద ఉన్న చీటీనీ తినేసింది. రాయి పోయినందుకు కంటే చీటీ పోయినందుకే ఎక్కువ బాధపడ్డాను. దొరికిన చోటు, రాతిపొర పేరు నాకు ఇక జ్ఞాపకం లేవు.

ఆ తర్వాత కొన్న తేమ మీటరు ఈ పదకొండేళ్లలో నేను కొన్నవాటిలో అన్నిటికంటే విలువైనది. బొటనవేలంత ఉంటుంది, రోజూ దానివైపు ఒక చూపు వేస్తే చాలు. పైరైట్ ముక్కలన్నీ ఇప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాల్లో, తేమ పీల్చే సిలికా జెల్ గుళికలతో ఉన్నాయి. రంగు మారే నారింజ రకం జెల్ తీసుకోండి. నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషపూరితం. తేమ పీల్చుకున్న గుళికలను సుమారు 120 డిగ్రీల వేడిలో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. అలాగని అన్నిటినీ ఎండబెట్టేయకూడదు. పూర్తిగా రాయిగా మారని మంచుయుగపు ఎముకలు, దంతాలు మరీ పొడి గాలిలో నెర్రెలిస్తాయి. నా మామత్ (మంచుయుగపు ఏనుగు జాతి) దంతపు ముక్క అలాగే చీలింది. ఒకే బీరువాలో అన్నిటినీ సుఖంగా ఉంచడం కుదిరే పని కాదు.

చీలినదాన్ని అతికించడానికి మొదట ఇళ్లలో వాడే తక్షణ జిగురు వాడాను. అది పసుపెక్కింది, తీయబోతే ఎముక పొర లేచింది. మ్యూజియంలు వాడే పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెసిన్ ఎసిటోన్ ద్రావకంలో కరుగుతుంది. తప్పుగా అతికితే మళ్లీ కరిగించి తీసేయవచ్చు. పలుచగా కలిపితే పొడిబారిన ఎముకలోకి ఇంకి గట్టిపరుస్తుంది, చిక్కగా కలిపితే జిగురవుతుంది. నంబరు వేసే పద్ధతీ దీంతోనే: కనిపించని మూల ఒక పొర పూసి, ఆరాక సిరాతో రాసి, పైన మరో పొర. చీటీ ఎటు పోయినా పుస్తకంలో అదే నంబరు కింద చోటు, పొర, కాలం, తేదీ దొరుకుతాయి.

ఇక ఆ అనుమానపు మూడు. మొరాకో ట్రైలోబైట్ (కీటకంలా కనిపించే, అంతరించిన సముద్రజీవి) ఒకటి: భూతద్దంలో చూస్తే వీపు మీద చిన్న చిన్న గాలిబుడగల గుంటలు కనిపించాయి. రాయికి బుడగలెందుకు? అది అచ్చులో పోసిన రెసిన్. మొరాకో నుంచే వచ్చిన మోససార్ (ప్రాచీన సముద్రపు సరీసృపం) దవడలో పళ్లు నిజమైనవే, దవడే ఇసుక, జిగురు ముద్ద. అతినీలలోహిత దీపం వేస్తే పూసిన భాగం వేరే రంగులో వెలిగింది. మూడోది అంబర్, అంటే శిలాజంగా మారిన చెట్టు బంక. ఎసిటోన్ చుక్క వేస్తే జిగటగా మారింది కాబట్టి అది ఇంకా పూర్తిగా శిలాజం కాని బంక, అంటే కోపల్ అయి ఉండాలి. అమ్మినవాళ్లను అడిగితే మౌనమే సమాధానం.

దీపాల సంగతి రెండు మాటల్లో: ఎల్‌ఈడీ పట్టీని పైన కాకుండా పక్కన, ఏటవాలుగా బిగించండి. రాతిలో ఉన్న పక్కటెముక గీత కూడా నీడతో లేచి కనిపిస్తుంది. నిలబెట్టడానికి అక్రిలిక్ స్టాండ్లు బాగున్నాయి, బరువైన వాటికి మాత్రం వద్దు. సొరుగుల్లో కింద పరిచే నురుగు పాలిథిలీన్‌దై ఉండాలి. సోఫాలోని పాలియూరిథేన్ కొన్నేళ్లకే పొడిపొడిగా రాలి శిలాజానికి అంటుకుంటుంది, గోకి తీయడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.

నడిమి అరలో పైరైట్ అమ్మోనైట్ ఉన్న చోట ఇప్పుడు నేను స్వయంగా, అనుమతి ఉన్న చోట తవ్వి తీసిన ఒక బూడిదరంగు గవ్వ ఉంది. ఒక అంచు విరిగింది. వచ్చినవాళ్లెవరూ దానివైపు చూడరు. దాని చీటీ మాత్రం మొత్తం బీరువాలోకెల్లా పొడవైనది.