మైన్‌క్రాఫ్ట్ వికీ శైలి మార్గదర్శిని: పాతకాపులకు శాసనం, కొత్తవారికి చిట్టడవి

దిమ్మెలు పేర్చి లోకాన్ని కట్టుకునే వీడియో ఆట మైన్‌క్రాఫ్ట్ ఆడేవారిలో, ఆ ఆట గురించి ఎవరైనా రాసి దిద్దగల వెబ్‌సైటైన వికీని ఒక్కసారైనా తెరవనివారు అరుదు. ఏ వస్తువును ఎలా తయారుచేసుకోవాలి, ఏ జీవి ఎక్కడ పుడుతుంది, చనిపోతే ఏం రాలుస్తుంది వంటి ప్రశ్నలకు అభిమానులు రాసిపెట్టిన సమాధానాలు అక్కడ 2009 జూలై నుంచి పోగవుతూ వచ్చాయి. చదువుకునేవారికి ఆ వికీ ఎంత ఉపయోగమో ఇప్పుడు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒక పొరపాటు కంటబడగానే ఎడిట్ మీట నొక్కి దాన్ని సరిదిద్దాలనుకునే కొత్త వ్యక్తికి అది ఏ మేరకు దారి చూపుతున్నదన్నదే ఈ సమీక్షకు విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను: అక్కడి నియమాలు దాదాపు అన్నీ సబబైనవే, అయితే అవి తగవు తీర్చడానికి రాసినట్లున్నాయి తప్ప, కొత్తవారి చేత మొదటి దిద్దుబాటు చేయించడానికి రాసినట్లు లేవు.

నియమాల దాకా వెళ్లకముందే కొత్తవారికి ఒక సందేహం ఎదురవుతుంది. మైన్‌క్రాఫ్ట్ వికీ సముదాయం 2023 సెప్టెంబర్ 24న అభిమానుల వికీలకు చోటిచ్చే ఫ్యాండమ్ వేదికను విడిచి, రూన్‌స్కేప్ అనే మరో ఆట వికీలను నడిపే వియర్డ్ గ్లూప్ సంస్థ సహాయంతో సొంత చిరునామాకు మారింది. ఫ్యాండమ్‌లోని పాత ప్రతి మాత్రం చెరిగిపోలేదు. అందువల్ల వెతుకులాటలో ఏది ముందు కనబడితే అందులోకి వెళ్లి, గంటసేపు శ్రమపడి రాసి, ఆ రాసినది పాత సంపాదకులు చూసే చోట లేదని తర్వాత తెలుసుకునే ప్రమాదం ఉంది. కొత్తవారి కోసం రాసే ఏ పేజీ అయినా మొదటి వాక్యంలోనే 'మీరు ఉన్నది ఏ వికీలో' అన్నది చెప్పి తీరాలి. ఇది నిర్వాహకులకు ఎప్పుడో ముగిసిన చరిత్ర కావచ్చు గాని, ఈ రోజు ఖాతా తెరిచినవారికి తాజా ప్రశ్నే.

ఇక అసలు శైలి మార్గదర్శిని, అంటే వ్యాసాలు ఎలా రాయాలో చెప్పే నియమాల పేజీ. ఏ విషయానికి ప్రత్యేక వ్యాసం ఉండవచ్చు, శీర్షికలు ఎలా పెట్టాలి, లంకెలు ఎక్కడ ఇవ్వాలి, దిమ్మెల గురించిన పేజీలో విభాగాలు ఏ వరుసలో రావాలి వంటివన్నీ అందులో ఉన్నాయి. తమ సర్వర్ గురించో, తాము కట్టిన కోట గురించో వ్యాసం పెట్టుకోవడానికి వీల్లేదని చెప్పే భాగం కూడా స్పష్టంగా ఉంది. వెతికేది తెలిసినవారికి ఇది చక్కటి ఆకర గ్రంథం. వెతకవలసింది ఏమిటో తెలియనివారికి మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో అంతుపట్టని పొడవైన పేజీ.

ఒక్క వాక్యాన్ని తీసుకుని చూస్తే ఈ తేడా బోధపడుతుంది. కొత్తవారొకరు ఆటలోని క్రీపర్ అనే జీవి వ్యాసంలో, 'మీరు క్రీపర్‌ను చంపితే మీకు గన్‌పౌడర్ దొరుకుతుంది' అన్న అర్థంలో ఇంగ్లీషులో ఒక వాక్యం చేర్చారనుకుందాం. అందులో అబద్ధం లేదు. అయినా పాత సంపాదకుల కంటికి మూడు లోపాలు కనబడతాయి. పాఠకుణ్ణి 'మీరు' అని సంబోధించకుండా 'ఆటగాడు' అని రాయాలి. జీవుల పేర్లు, వస్తువుల పేర్లు సామాన్య నామాలు గనుక వాక్యం మధ్యలో పెద్ద అక్షరంతో మొదలుకాకూడదు. ఎంత దొరుకుతుందో అంకెల్లో చెప్పాలి. అంటే సున్నా నుంచి రెండు దాకా రాలుతుందని, ఆయుధానికి రాలే వస్తువులను పెంచే లూటింగ్ మంత్రం ఉంటే ఒక్కో స్థాయికి గరిష్ఠం ఒకటి చొప్పున పెరుగుతుందని రాయాలి. మార్గదర్శినిలో ఈ నియమాలను వేర్వేరు విభాగాల్లోంచి ఏరుకోవాలి. అలా కాక, దిద్దకముందు వాక్యాన్ని, దిద్దిన తర్వాతి వాక్యాన్ని పక్కపక్కన పెట్టి, ఏ మార్పు ఎందుకు చేశారో అంచున రాసి చూపే ఒక చిన్న పేజీ ఉంటే, చాలామందికి అదే మొదటి పాఠం అయ్యేది. మన లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న భేదమే లేదు గనుక, ఆ రెండో నియమం ఇక్కడి నుంచి వెళ్లి రాసేవారికి మరీ జారిపోతుందని కూడా చెప్పాలి.

నియమం పక్కన కారణం లేకపోతే ఏమవుతుందో చూడటానికి జావా, బెడ్‌రాక్ వ్యవహారాన్ని మించిన ఉదాహరణ లేదు. ఒకే పేరుతో ఉన్న ఈ రెండు ఎడిషన్లు చాలా చోట్ల వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. మన దగ్గర ఫోన్‌లో ఆడే పిల్లల చేతిలో ఉన్నది బెడ్‌రాక్. జావాలో పక్క దిమ్మెను నెట్టే పిస్టన్‌కు ఒక వింత గుణం ఉంది: దానికి నేరుగా రెడ్‌స్టోన్ శక్తి (ఆటలో కరెంటు లాంటిది) అందకపోయినా, దాని పై గడికి అందే అమరిక ఉంటే చాలు, అది కదలగలదు. ఇది లోపమని ఎందరు ఫిర్యాదు చేసినా, ఇది ఇలాగే ఉండాలని ఆట తయారీ సంస్థ మొజాంగ్ తేల్చిచెప్పింది. ఎందరో ఆటగాళ్లు దాని మీద ఆధారపడి యంత్రాలు కట్టుకున్నారు కూడా. బెడ్‌రాక్‌లో ఆ గుణం లేదు. ఇప్పుడు ఫోన్‌లో ఆడే ఒక పిల్లవాడు వ్యాసం చదివి, చెప్పినట్లే పేర్చి చూసి, పిస్టన్ కదలకపోవడంతో ఆ వాక్యం తప్పని నిశ్చయించుకుని తీసేస్తే, అతడు చేసింది విధ్వంసం కాదు, నిజాయితీగా చేసిన పరీక్ష. వాక్యం చివర 'జావా ఎడిషన్‌లో మాత్రమే' అన్న గుర్తును చూపే మూస (పేజీల్లో మళ్లీ మళ్లీ వాడుకునే రెడీమేడ్ ముక్క) ఆ వికీలో ఉంది. కొత్తవారికి ఆ గుర్తు విలువ చెప్పేవారే లేరు. 'ఒక సమాచారాన్ని తీసేయడానికి ముందు అది ఏ ఎడిషన్‌కు సంబంధించినదో చూడండి, మీ ఎడిషన్‌లో భిన్నంగా ఉంటే తీసేయకుండా తేడాను చేర్చండి' అన్న రెండు ముక్కలను ఎడిట్ పెట్టె పైనే కనబడేలా పెడితే, తర్వాత చర్చా పేజీల్లో నడిచే వాదనల్లో సగం పుట్టనే పుట్టవని నా నమ్మకం.

వెర్షన్ల విషయంలో మాత్రం ఈ వికీ పద్ధతికి వంక పెట్టలేను. వ్యాసం ప్రధాన భాగం ఆట ప్రస్తుత స్థితిని వర్తమాన కాలంలో చెబుతుంది. పాత సంగతులన్నీ చరిత్ర విభాగంలోని పట్టికలోకి వెళ్తాయి. ఇంకా విడుదల కాని అంశాలకు 'రాబోయేది' అన్న గుర్తు పెడతారు. 13డబ్ల్యూ36ఎ వంటి ప్రయోగాత్మక విడుదల పేరు చూసి కొత్తవారు మొదట బెదిరిపోయినా, అది 2013వ సంవత్సరం 36వ వారంలో వచ్చిన మొదటి విడుదల అని ఒకసారి తెలిస్తే, మిగిలిన పాత పట్టికలన్నీ తేలిగ్గా చదవగలుగుతారు. ఇంత చిన్న వివరణ కూడా పట్టిక దగ్గరే దొరికితే బాగుండేది.

పోలిక కోసం 2005లో మొదలైన స్టార్ వార్స్ అభిమానుల వూకీపీడియాను చూడవచ్చు. అక్కడ కథాలోకానికి చెందిన వ్యాసాలన్నీ భూతకాలంలోనే రాయాలి, బతికి ఉన్న పాత్రల గురించైనా సరే. వినడానికి ఇది విడ్డూరం. కానీ కథాలోకంలోని సంఘటనలన్నీ ఎప్పుడో జరిగిపోయినవిగా భావించి, తర్వాతి కాలం నుంచి చరిత్రకారుడు రాస్తున్నట్లు ఊహించుకోవాలని ఒక్క మాట చెబితే, ఆ నియమం ఇక మరచిపోలేరు. అలాగే 2014 ఏప్రిల్ 25న స్టార్ వార్స్ నిర్మాణ సంస్థ లూకాస్‌ఫిల్మ్, సినిమాల బయట నవలలు, కామిక్స్ వంటి వాటిలో వచ్చిన అంతకుముందరి విస్తృత కథలను 'లెజెండ్స్'గా వేరు చేసిన తర్వాత, ఒకే పాత్రకు రెండు వ్యాసాలు, రెండు ట్యాబులు వచ్చాయి; ఆ తేదీ తెలియనివారికి అది అనవసరపు గందరగోళంగానే కనబడుతుంది. చెప్పదలచినది ఇంతే: ఎంత వింత నియమమైనా కారణంతో కలిసి వస్తే ఒంటబడుతుంది, అది లేకుండా వస్తే పెత్తనంలా తోస్తుంది.

పెత్తనం మాట వచ్చింది గనుక దిద్దుబాటు సారాంశాల గురించి, అంటే ప్రతి మార్పుతో పాటు అది ఎందుకో చెబుతూ రాసే చిన్న వివరణల గురించి కూడా రాయాలి. కొత్తవారు నిజంగా చదివే మార్గదర్శకం ఇదే. తన మార్పును ఎవరో వెనక్కి తిప్పేశారని చూసిన క్షణంలో అతడు చదివేది శైలి మార్గదర్శినిని కాదు, ఆ సారాంశంలోని నాలుగు మాటలను. కాబట్టి నియమాల పేజీని ఎంత మెరుగుపరచినా, మార్పును తిప్పేవారు సంబంధిత విభాగానికి లంకె ఇచ్చి ఒక మర్యాద వాక్యం రాయాలన్న అలవాటు లేకపోతే ఫలితం సగమే. ఈ బాధ్యత కొత్తవారి పత్రాల్లో కాక, పాతవారికి ఇచ్చే సూచనల్లో ఉండాలి. తెలుగు వికీపీడియాలో అందరూ మాట్లాడుకునే చర్చా పేజీకి ఉన్న రచ్చబండ అనే పేరే కొత్తవారికి కాస్త చనువు ఇస్తుంది. ఆటల వికీల్లో ఆ చనువు ఎక్కువగా డిస్కార్డ్ అనే చాట్ వేదికకు తరలిపోయింది. అక్కడ అడిగితే జవాబు త్వరగా వస్తుంది గాని, ఆ జవాబు తర్వాత వచ్చేవారికి దొరకదు.

తెలుగువారికి ప్రత్యేకంగా పనికొచ్చే హెచ్చరిక ఒకటి ఉంది. మైన్‌క్రాఫ్ట్ వికీ పాఠ్యం వాణిజ్యేతర వినియోగానికే అనుమతించే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంది. వికీపీడియా లైసెన్సులో ఆ ఆంక్ష లేదు. అంచేత మైన్‌క్రాఫ్ట్ వికీ వ్యాసాన్ని అనువదించి తెలుగు వికీపీడియాలో పెట్టడం కుదరదు. విషయాన్ని అర్థం చేసుకుని, ఇతర మూలాలు చూపుతూ సొంత మాటల్లో రాయాలి. ఉత్సాహంతో వచ్చే విద్యార్థులు మొదట చేయాలనుకునేది సరిగ్గా ఈ అనువాదమే, కాబట్టి లైసెన్సు సంగతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో మిగిలిపోకూడదు.

మొత్తం మీద, ఐదుకు మూడున్నర ఇస్తాను. నియమాల నాణ్యతకు ఇచ్చినది ఎక్కువ, వాటిని అందించే తీరుకు కోసినది ఎక్కువ. ప్రస్తుతానికి చేరదలచినవారు మార్గదర్శినిని మొదటి నుంచి చివరి దాకా చదవడానికి పూనుకోవద్దు. బాగా రాసిన ఒక వ్యాసాన్ని ఎంచుకుని, దాని ఎడిట్ పెట్టె తెరిచి, ఏ మూస ఎక్కడ వాడారో చూసి, తమ సొంత ప్రయోగశాల పేజీలో రెండు పేరాలు రాసి మునుజూపు చూసుకున్నాక అసలు వ్యాసంలోకి వెళ్లడం మేలు. ఫోన్ మీద పట్టికలు దిద్దడం మాత్రం ఎవరికీ సిఫారసు చేయను. అక్షర దోషాల వరకు ఫోన్ చాలు, చరిత్ర పట్టికకు కంప్యూటర్ కావాలి.