డిజర్టేషన్ పూర్తయ్యేదాకా ఏఐతో రాసి చూశాను

డెడ్‌లైన్ టెన్షన్‌లో ఓ రాత్రి మొదలుపెట్టాను. అక్కణ్నుంచి డిజర్టేషన్ సబ్మిట్ చేసేదాకా, దాదాపు రెండేళ్లు, ఏఐ రైటింగ్ టూల్స్ మూడు వాడాను. మూడింటికీ పెద్ద తేడా లేదు.

ఇంగ్లిష్ దిద్దడంలో వీటికి తిరుగులేదు. విషయం తెలిసీ వాక్యం కుదరక మార్కులు పోగొట్టుకున్న నాలాంటివాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. రిఫరెన్సులకు మాత్రం అస్సలు నమ్మొద్దు. ఐదు పేపర్లు అడిగితే జర్నల్ పేరు, పేజీ నంబర్లతో సహా ఇచ్చింది. వెతికితే అందులో రెండు అసలు లేనే లేవు. 2023లో న్యూయార్క్‌లో లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులు కోర్టుకిచ్చి 5,000 డాలర్ల జరిమానా వేయించుకున్నారని చదివి నవ్వుకున్నవాణ్ణే నేను!

అసలు దెబ్బ వేరేచోట తగిలింది. రెండో చాప్టర్ మొదటి డ్రాఫ్టే ఏఐతో రాయించాను. చదవడానికి బాగానే ఉంది. తీరా వైవాలో "ఈ మెథడే ఎందుకు తీసుకున్నావు?" అంటే నోరు పెగల్లేదు. తీసుకున్నది నేనైతే కదా! మూడో చాప్టర్ నేనే రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివర్లో వ్యాకరణం మాత్రం దిద్దించాను. దానిమీద ఎన్ని అడిగినా తడుముకోలేదు.

తమాషా ఏంటంటే, ఏఐ రాసిందో మనిషి రాశాడో చెప్పే డిటెక్టర్ సాఫ్ట్‌వేర్ రెండో చాప్టర్‌ని వదిలేసి మూడోదాన్ని పట్టుకుంది. పాత డ్రాఫ్టులన్నీ దాచుకున్నాను కాబట్టి గైడ్‌కి చూపించి బయటపడ్డాను. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సొంత డిటెక్టరే ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టుకుని, మనుషుల రాతల్లో 9 శాతాన్ని ఏఐ ఖాతాలో వేసేది. 2023 జులైలో దాన్ని తీసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకు రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐవేనని తేల్చాయట. భాష సాదాగా ఉంటే వాటికి అనుమానం.

అందుకే యూనివర్సిటీలు వీటిని వాడనివ్వాలనే అంటాను. వద్దంటే మానేస్తారా, చాటుగా వాడతారు. ఎక్కడ, ఎంత వాడామో రాసివ్వమనాలి, డ్రాఫ్టులు జతచేయమనాలి, పది నిమిషాలైనా కూర్చోబెట్టి ప్రశ్నలడగాలి. వందమంది ఉన్న క్లాసులో అది టీచర్లకు మోయలేని పనే, కాదనను. అలాగని డిటెక్టర్ స్కోరు చూసి శిక్ష వేయడం మాత్రం నాకు మింగుడుపడదు.

డబ్బు కట్టే వెర్షన్ ఆరు నెలలు వాడి మానేశాను. వ్యాకరణం దిద్దుకోడానికి ఉచితంగా వచ్చేదే సరిపోతోంది.