‘లైవ్’ క్లాసు, మొరిగిన కుక్క, పోయిన 48,000: ట్యూషన్లు చెప్పుకునే మాస్టార్లూ, జాగ్రత్త

కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. నిన్న రాత్రి పాలకొల్లు నుంచి వచ్చి పడుకున్నానే గానీ కంటి మీద కునుకు లేదు. పొద్దున్న ఆ ఫోన్ కాల్ తర్వాత కాఫీ కూడా దిగలేదు.

ఎవరి గురించో మీలో చాలామందికి చెప్పకుండానే తెలిసిపోతుంది. ఫోన్ తెరిస్తే చాలు, ప్రకటనలో కనబడి “మాస్టారూ, ఇంకా ఊళ్ళో ట్యూషన్లేనా?” అని వేలు చూపించి అడుగుతాడే, ఆయన. పేరు రాయను. రాస్తే పరువు నష్టం నోటీసు వస్తుందని మా తోడల్లుడు భయపెట్టాడు. నా పరువు సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

నాది అంబాజీపేట పక్కన. పదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతాను, 22 ఏళ్ళుగా. కరోనాకి ముందు మా సావిట్లో 40 మంది కూర్చునేవారు, ఇప్పుడు 14 మంది. మిగతావాళ్ళు ఫోన్లో నేర్చుకుంటున్నారట. సరే, మనమూ ఫోన్లోకి ఎక్కుదాం అనుకున్నాను. ఆయనది ఆదివారం సాయంత్రం 7 గంటలకి 99 రూపాయల లైవ్ క్లాసు, దాని చివర్లో ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పడం నేర్పే 48,000 రూపాయల కోర్సు. సొంత యాప్, యూట్యూబ్ చానల్, దేశమంతా పిల్లలు. కట్టేశాను.

ఎందుకు కట్టానో అది చెప్పాలి. క్లాసు మధ్యలో ఆయన మాట ఆపి, కళ్ళజోడు సర్దుకుని, చాట్ చూసి, “రాజమండ్రి నుంచి ఒక మేడమ్ అడుగుతున్నారు, నాకు ఇంగ్లీషు రాదు, నేను చెయ్యగలనా అని” అన్నాడు. సరిగ్గా అప్పుడే బయట ఎక్కడో కుక్క మొరిగింది. “చూశారా మేడమ్, మా వీధి కుక్క కూడా చెయ్యగలరనే అంటోంది” అన్నాడు. నేను గట్టిగా నవ్వాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఏంటని అడిగింది కూడా. మనలాంటి మనిషే, ఇంట్లో కూర్చుని మనతో మాట్లాడుతున్నాడు అనిపించింది. నిజం చెప్పాలంటే నా 48,000 ఆ కుక్కని చూసి కట్టినవే.

తర్వాత వచ్చిన వీడియోలు అంతంతమాత్రం. మూడో పాఠం పేరు ‘లైటింగ్’, 18 నిమిషాలు. సారాంశం ఏంటంటే కిటికీకి ఎదురుగా కూర్చోమని. మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుకోడానికి రోజూ అలాగే కూర్చునేది, ఎవరి దగ్గరా ఫీజు తీసుకోలేదు. నాకు కావలసింది వేరు. కంప్యూటరుకి తగిలించే పెన్ను పలక (పెన్ ట్యాబ్లెట్) మీద రాస్తుంటే చూపు తెరమీద ఉండాలి, చెయ్యి కిందెక్కడో ఉంటుంది. బాహ్య బిందువు నుంచి వృత్తానికి స్పర్శరేఖ గీయబోతే నా గీత వృత్తాన్ని కోసుకుంటూ అవతలికి పోతోంది. పిల్లలు కెమెరా ఆపేసి కూర్చుంటే ఎవడికి అర్థమైందో ఎవడికి కాలేదో ఎలా పట్టుకోవాలి? సావిట్లో అయితే మొహం చూస్తే తెలిసిపోతుంది. వీటి మీద ఒక్క ముక్క లేదు. అయినా నేను ఒప్పుకోలేదండి. డబ్బు కట్టినవాడికి అంత తొందరగా కళ్ళు తెరుచుకోవు.

పైగా నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. ఇంకొకరిని చేర్పిస్తే నాకు 3,000 వెనక్కిస్తామన్నారు. పాలకొల్లులో మా తోడల్లుడు సైన్సు చెబుతాడు. “అద్భుతం, చేరిపో” అని వాడి చెవిలో ఊదరగొట్టి, 99 కట్టించి, నిన్న సాయంత్రం చించినాడ వంతెన దాటి మరీ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ఏడు గంటలకి మొదలైంది. అదే చొక్కా. ఆయనకి ఆ చొక్కా కలిసొచ్చిందేమో అనుకున్నాను. అవే మాటలు. రోజూ చెప్పేవాడికి మాటలు అరిగిపోతాయి, నాకూ పైథాగరస్ సిద్ధాంతం అలాగే నోట్లోంచి వచ్చేస్తుంది, అందులో వింతేం లేదు అనుకున్నాను. ఎనిమిదికి పది నిమిషాలుండగా ఆయన మాట ఆపాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. “రాజమండ్రి నుంచి ఒక మేడమ్ అడుగుతున్నారు...”

నా అరిచేతులు చల్లబడిపోయాయి. మా తోడల్లుడి మోచెయ్యి పట్టుకుని, “ఇప్పుడు కుక్క మొరుగుతుంది చూడు” అన్నాను.

మొరిగింది.

వాడు తెర వైపు కాదు, నా వైపు చూశాడు. “అన్నయ్యా, మీకెలా తెలుసు?” అన్నాడు. ఏం చెప్పను? మా మరదలు తెలివైంది. అదే లింకు తన ఫోన్లో కూడా తెరిచింది. మా తోడల్లుడి ఫోన్లోంచి “సార్, ఇది నిజంగా లైవేనా?” అని నేను చాట్‌లో పెట్టాను. ఆ మాట మా ఫోన్లో కనబడింది, ఆవిడ ఫోన్లో రాలేదు. “సూపర్ సార్”, “పేమెంట్ చేశాను సార్”, “కన్నీళ్ళు వచ్చాయి సార్” మాత్రం రెండు ఫోన్లలోనూ ఒకే వరసలో, ఒకే క్షణంలో దిగుతున్నాయి. అంటే మనం రాసింది మనకే కనిపిస్తుంది, మిగతాదంతా ముందే రాసిపెట్టిన చాట్. అసలు ఆ రాజమండ్రి మేడమే ఉందో లేదో! “ఇక 7 సీట్లే మిగిలాయి” అన్న లెక్క కూడా మొదటిసారి నాకు చూపించిన దగ్గరే ఆగింది. పేజీ మళ్ళీ తెరిస్తే పక్కనున్న గడియారం మళ్ళీ 15 నిమిషాల నుంచి మొదలు.

ఇలా రికార్డు చేసినదాన్ని లైవ్‌లా ఆడించే సాఫ్ట్‌వేర్లు నెలవారీ అద్దెకి దొరుకుతాయట. ఆ కిటుకు మాత్రం కోర్సులో చెప్పలేదు.

పొద్దున్న ఫోన్ చేశాను. చేరేటప్పుడు “గురువుగారూ, మీలాంటి వాళ్ళకి సేవ చెయ్యడం మా అదృష్టం” అన్న కుర్రాడే ఎత్తాడు. సంగతి చెప్పాను. వాడేమన్నాడో అక్షరం మార్చకుండా రాస్తున్నాను. “సార్, లైవ్ అంటే మీరు చూసే టైముకి ప్లే అవుతుందని. మీకు లైవే కదా.” మరి కుక్కో అన్నాను. “అది టెక్నికల్ టీమ్‌ని అడగాలండి” అన్నాడు. డబ్బు వెనక్కి ఇమ్మన్నాను. మొదటి వీడియో తెరిచాక రిఫండ్ లేదట. నేను గొంతు పెంచాను, ఒప్పుకుంటాను. అప్పుడన్నాడు: “మీకు నేర్చుకునే మైండ్‌సెట్ లేదు సార్. మీ ఏజ్ వాళ్ళకి ఇది కష్టమే. ఊళ్ళో ట్యూషన్లు చెప్పుకోండి, అదే సేఫ్.”

వాడి వయసు పాతికుంటుందేమో. నా దగ్గర చదివినవాడైతే గోడకుర్చీ వేయించేవాణ్ణి. నోట్లోంచి మాట రాలేదు నాకు. కాల్ పెట్టేసిన ఐదు నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. అందులో 200 మంది దాకా మాస్టార్లు, మేడమ్‌లు ఉన్నారు. వాళ్ళకి ఇదంతా చెప్పే దారి లేకుండా చేశారన్నమాట. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇక డబ్బు. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నారు, నెలకి 4,000 చొప్పున 12 నెలలు. ఓటీపీలు రెండు చెప్పాను. అది వాయిదా కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీలో నా పేరు మీద అప్పు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అంటే 960, దాని మీద 18 శాతం జీఎస్టీ 172.80, మొత్తం 1,132.80. కాస్ట్ లేకపోవడం అంటే ఇదన్నమాట. ఆ కంపెనీ కోర్సువాడికి సొమ్మంతా ఒకేసారి ఇచ్చేసింది. ఇప్పుడు నేను బాకీ ఉన్నది కోర్సువాడికి కాదు, వీళ్ళకి. బ్యాంకుకి వెళ్తే ఆటో డెబిట్ ఆపొచ్చు గానీ అప్పు ఆగదు, సిబిల్ స్కోరు దెబ్బతిని ఇంకెక్కడా అప్పు పుట్టడం కష్టమవుతుంది అన్నారు. 22 ఏళ్ళు చక్రవడ్డీ చెప్పినవాడిని, ఆ పత్రం చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కాను. మా ఆవిడ ఏమీ అనలేదు. అదింకా బాధ.

‘సొంత యాప్’ కూడా సొంతం కాదు. వాళ్ళ యాప్‌కే మన పేరు అతికిస్తారు, అద్దె ఆపితే పోతుంది. సొంతంగా ప్లే స్టోర్‌లో పెట్టుకోడానికి గూగుల్ ఖాతా ఫీజు ఒక్కసారి 25 డాలర్లే. ‘ప్రభుత్వ గుర్తింపు’ అని చూపించిన సర్టిఫికెట్ ఉద్యమ్ రిజిస్ట్రేషన్. అది చిన్న వ్యాపారం ఎవరు పెట్టినా ఊరికే ఇస్తారు, చదువు చెప్పడానికీ దానికీ సంబంధం లేదు. ఇదంతా చెప్పింది ఎవరో కాదు, సెలవులకి వచ్చిన నా పాత స్టూడెంటు. ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, బోర్డూ నా మొహమూ ఒకే తెరమీద వచ్చేలా అరగంటలో పెట్టాడు. వాడి ఫీజు రెండు పూతరేకులు. వాణ్ణి ముందే అడిగితే పోయేది కదా, మాస్టారు శిష్యుణ్ణి అడగడమేంటని నామోషీ!

చేరాలనుకునేవాళ్ళు ఆ లైవ్‌ని రెండుసార్లు, రెండు ఫోన్లలో చూడండి. 99తో పోతుంది. ఆటో డెబిట్ ఒప్పుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే చెప్పింది, నేను ఇవాళ చదివాను. ఈఎంఐ అంటే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’, అంటే అప్పు షరతులన్నీ ఒకచోట రాసిన పత్రం, అడగండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అది ఇవ్వాలి, అందులో జరిమానా లేకుండా అప్పు రద్దు చేసుకునే గడువు కూడా రాసి ఉంటుంది. నా గడువు ‘లైటింగ్’ పాఠం చూస్తుండగా దాటిపోయింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, నంబరు ఇచ్చారు. వినియోగదారుల కమిషన్‌లో కేసు మనం ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చట, 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

5వ తారీఖున మళ్ళీ 4,000 కోస్తారు. ఈయన దగ్గర కట్టి వెనక్కి తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా తెచ్చుకున్నారో రాయండి. కుక్క మొరిగిన క్లాసు చూసినవాళ్ళు తేదీ రాయండి, ఫిర్యాదుకి జతచేస్తాను.