శ్రీశైలం నుంచి గండికోట దాకా: ఏప్రిల్ ఎండ, రెండు బళ్ళు, ఒక రేడియేటర్

ఏప్రిల్లో రాయలసీమకు బండి మీద పోతున్నామంటే ఇంట్లో అందరూ వడదెబ్బ గురించే భయపెట్టారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఉల్లిపాయ, తలకు తడిపి చుట్టుకోవడానికి తువ్వాలు అన్నీ సర్దారు. తీరా చూస్తే నాకేమీ కాలేదు, వడదెబ్బ తగిలింది నా బండికి.

వెళ్ళింది ఇద్దరం. నాది నాలుగు వందల సీసీ లోపు లిక్విడ్ కూల్డ్ బండి, అంటే ఇంజిన్ వేడిని కూలెంట్ అనే ద్రవం లాక్కుని, ముందున్న రేడియేటర్‌లో గాలికి వదిలేస్తుంది. మా బామ్మర్దిది ఎప్పటిదో ఎయిర్ కూల్డ్ బుల్లెట్, దాని ఇంజిన్‌ను నేరుగా గాలే చల్లబరుస్తుంది. "నా బండికి రేడియేటర్ లేదు, నాకు టెన్షన్ లేదు బావా" అని బయల్దేరిన రోజే మొదలుపెట్టాడు. నాలుగు రోజులూ ఆ మాట అరగదీశాడు.

బయల్దేరే ముందు నేను బండికి చేసిన సింగారాలు చెప్పాలి. రాళ్ళు తగిలి రేడియేటర్ చిల్లు పడకుండా ఆన్‌లైన్లో సన్న జాలీ కొని ముందు బిగించాను. రాత్రిపూట వెలుతురు కోసం క్రాష్ గార్డుకు రెండు ఫాగ్ లైట్లు పెట్టించాను, అవి సరిగ్గా రేడియేటర్ ఎదురుగా వచ్చాయి. అదే గార్డుకు అటొకటి ఇటొకటి బ్యాగులు కట్టాను. ఔటర్ రింగ్ రోడ్డు దాటగానే ఒక విషయం గమనించాను. మామూలుగా మోకాళ్ళ కింద కొట్టే ఇంజిన్ వేడి ఈసారి కాళ్ళకు తగలడమే లేదు. బ్యాగులు అడ్డం ఉండటం వల్ల అనుకుని, ఎంత తెలివైన పని చేశానో అని కల్వకుర్తి దాకా మురిసిపోయాను. బామ్మర్దికి కూడా గొప్పగా చెప్పాను.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసి ఉంటుంది కాబట్టి, తెల్లవారుజామున బయల్దేరి గేటు తీసే వేళకు అక్కడ ఉంటే అడవి దారంతా చల్లగా దాటేయొచ్చు. మాకు ఆ సంగతి తెలుసు. అయినా బామ్మర్ది లేచేసరికి ఏడయింది. పైగా చైత్ర పౌర్ణమి రోజులు, నల్లమలలో సలేశ్వరం జాతర. మన్ననూరు దాటాక ఫర్హాబాద్ వైపు ఆటోలు, బస్సులు, కాలినడక జనం. గంటన్నరలో పట్టుమని నాలుగు కిలోమీటర్లు కదల్లేదు.

అక్కడే మొదటిసారి మీటర్ మీద కళ్ళు పడ్డాయి. నా బండిలో వేడి చూపించే గళ్ళు ఆరు. హైదరాబాద్ ట్రాఫిక్లో నాలుగు దాటదు. ఇక్కడ ఐదోది వెలిగి, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది. బండి పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్ అవసరం పెద్దగా ఉండదు. నిలబడితే మాత్రం భారమంతా ఆ చిన్న ఫ్యాన్ మీదే. ముందు నుంచి గాలి పీల్చి వెనక ఇంజిన్ వైపు నెట్టడం దాని పని. ఆగిన ప్రతిసారీ ఇంజిన్ కట్టేస్తూ, కదిలినప్పుడు స్టార్ట్ చేస్తూ ఎలాగో బయటపడ్డాను. మల్లెల తీర్థం బోర్డు దగ్గర ఆగలేదు. వేసవిలో అక్కడ నీళ్ళుండవు, దిగే మెట్లు మాత్రం వందల్లో ఉంటాయి. వానాకాలం అయ్యాక వెళ్ళండి.

అసలు తమాషా డ్యామ్ దగ్గర. దోమలపెంట నుంచి కిందికి దిగడం హాయిగానే ఉంటుంది, ఇంజిన్ మీద భారం లేదు, ఎదురుగాలి ఉంది, మీటర్ మూడుకు పడిపోయింది. కృష్ణ మీద వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కడం మొదలుపెట్టాక కథ తిరగబడింది. మిట్ట మధ్యాహ్నం, ముందు లోడు లారీ, మలుపు మీద మలుపు. నేను పాతికలో వెళ్తున్నాను, గాలి దాదాపు అంతే వేగంతో వెనక నుంచి వీస్తోంది. అంటే రేడియేటర్ లెక్కన బండి నిలబడి ఉన్నట్టే, ఇంజిన్ మాత్రం కొండ ఎక్కుతోంది. దానికి తోడు మూడో గేరులో గుంజుకుంటూ ఎక్కించాను. రెండులో వేసి ఇంజిన్‌ను కాస్త గట్టిగా తిరగనిస్తే వాటర్ పంపు కూడా వేగంగా తిరిగేది. ఆ బుద్ధి తరవాత వచ్చింది.

ఆరో గడి, వెంటనే ఎర్ర లైటు, కింద గుడగుడమని శబ్దం. పక్కకు ఆపేసరికి ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి కూలెంట్ రోడ్డు మీద కారుతోంది. కారులో పోతున్న ఒకాయన అద్దం దించి "ఇంజిన్ మీద నీళ్ళు కొట్టన్నా" అని సలహా పడేసి పోయాడు. ఆ పని చెయ్యకూడదు, కాలిన లోహం మీద చన్నీళ్ళు పడితే చీలిపోయే ప్రమాదం ఉంది. రేడియేటర్ మూత కూడా ముట్టుకోకూడదు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి, మూత 1.1 బార్ ఒత్తిడిలో బిగించి ఉంచుతారు కాబట్టే లోపలి ద్రవం 120 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పితే ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోయి అంతా మొహం మీదకు ఎగజిమ్ముతుంది.

ఇక్కడ బామ్మర్దికి దక్కాల్సిన మెప్పు దక్కాలి. "బండిని తిప్పి పెట్టు బావా, గాలి ఎటు నుంచి వస్తోందో అటు మొహం పెట్టు" అన్నాడు. ఇద్దరం నెట్టి తిప్పాం. ఇరవై నిమిషాల్లో రెండు గళ్ళు దిగాయి. పూర్తిగా చల్లారాక పక్కనుండే చిన్న ట్యాంకులో తాగే నీళ్ళ సీసాలోంచి కాసిని పోసి, మెల్లగా శ్రీశైలం చేరాం. అక్కడి నుంచి హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాను. పేరెందుకు లెండి. వారం కిందట బిల్లు కట్టించుకుని "అంతా ఓకే సార్" అన్నవాళ్ళే, ఇప్పుడు బండి చూడకుండానే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) పోయి ఉంటుందన్నారు. లారీలో వేసుకుని కర్నూలు తీసుకెళ్ళమన్నారు.

శ్రీశైలంలో బస గురించి. దేవస్థానం గదులు మంచివే, కానీ శని, ఆది, సోమవారాల్లో ముందుగా ఆన్‌లైన్లో బుక్ చేసుకోకపోతే ఆశ వదులుకోవాలి. మేం ముందు ఒక ప్రైవేటు లాడ్జి చూశాం. గది ఫర్వాలేదు గానీ పార్కింగ్ గాలి చొరని సెల్లార్, ఐదు నిమిషాలు నిలబడితే చెమట ధార. వదిలేసి ఒక సత్రంలో దిగాం. ఏసీ లేదు, మంచం కిర్రుమంటుంది, కానీ ఆవరణలో వేపచెట్టు, దాని కింద బండికి చోటు, పక్కనే పంపు. వాచ్‌మన్ అడక్కుండానే బకెట్ తెచ్చిచ్చాడు. ఎండాకాలం బండి యాత్రకు నా దృష్టిలో ఏసీ కంటే ఈ మూడూ ముఖ్యం. రాత్రి భోజనం దేవస్థానం అన్నదానంలో, వేడివేడిగా, కడుపునిండా.

రెండో రోజు తెల్లవారగానే దోర్నాల ఘాట్ దిగి, అడవి గుండా ఆత్మకూరు. ఈ యాత్రలో అందమైన దారి ఇదే, పొద్దున తొమ్మిదిలోపు దాటేస్తే ఎండే తెలియదు. రోడ్డు మీద మాకు కనిపించినవి నెమళ్ళు, కోతులు. పులి ఉందని బోర్డులు మాత్రమే చెబుతాయి.

ఆత్మకూరులో చింతచెట్టు కింద రేకుల షెడ్డు, అందులో ఒక పెద్దాయన. నాలాంటి బండి ఎప్పుడైనా చూశాడా అని నాకు లోపల అనుమానం. ఆయన ఏదీ విప్పలేదు. బండి స్టార్ట్ చేయించి, ఫ్యాన్ తిరిగేదాకా ఆగి, ముందు ఒక చెయ్యి, వెనక ఒక చెయ్యి పెట్టాడు. తరవాత బ్యాగులకూ రేడియేటర్ తొడుగుకూ మధ్య సందులో వేళ్ళు పెట్టబోతే వేళ్ళు పట్టలేదు. నవ్వాడు.

"ముందర వాకిలి తెరిసి ఎనక కిటికీలు మూస్తే ఇంట్లో గాలి ఆడుతాదా సామీ? గాలి దూరితే సాలదు, పోయేదానికీ దోవ గావల్ల."

రేడియేటర్ గుండా వచ్చిన వేడిగాలి పక్కల నుంచి, కింద నుంచి బయటికి పోవాలి. నా బ్యాగులు సరిగ్గా ఆ దారికి బిరడా కొట్టినట్టు కూర్చున్నాయి. వెనక గాలి బిగుసుకుపోతే ముందు నుంచి కొత్త గాలి లోపలికి రాదు, ఎంత వేగంగా పోయినా రాదు. కాళ్ళకు వేడి తగలటం లేదని నేను మురిసిపోయింది అందుకే. ఆ వేడంతా ఇంజిన్ దగ్గరే తిరుగుతోంది.

ఆయన జాలీ ఊడదీశాడు. దాని కన్నాల్లో పురుగులు, ఎండిన బురద, ఏదో చెట్టు పూత. కన్నాలు పెద్దగా ఉండే జాలీ అయితే వాడుకోవచ్చు, ఇది మాత్రం దోమతెర. ఫాగ్ లైట్లను రేడియేటర్ ఎదుట నుంచి గార్డు చివరలకు జరిపాడు. బ్యాగులను విప్పి వెనక సీటు పక్కలకు కట్టాడు. రేడియేటర్‌లో వంగిన ఫిన్స్‌ను, అంటే సన్నటి రేకులను, పాత ప్లాస్టిక్ దువ్వెన పంటితో ఒక్కొక్కటే నిలబెట్టాడు. చివరికి వెనక వైపు నుంచి ముందుకు సన్నటి ధారతో నీళ్ళు పట్టాడు. దుమ్ము ముందు నుంచి వస్తుంది కాబట్టి వెనక నుంచి కడిగితేనే ఊడుతుంది. వాటర్ వాష్ వాళ్ళ ప్రెషర్ గన్ దాని మీద పెట్టనివ్వొద్దని, ఆ దెబ్బకు ఫిన్స్ మడతపడి గాలి దారే మూసుకుపోతుందని చెప్పాడు. తీసుకున్నది 150. నేను రెండొందలిస్తే యాభై తిరిగిచ్చి, టీ తెప్పించాడు.

నంద్యాలలో బస విషయంలో మేం తప్పు చేశాం. బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం, రాత్రి రెండుసార్లు కరెంట్ పోయింది, జనరేటర్ ఏసీకి ఇవ్వరట. సాయంత్రం మహానంది వెళ్ళి కోనేట్లో మెడలోతు నీళ్ళలో కూర్చున్నాక గానీ తెలియలేదు, దిగాల్సింది ఇక్కడే అని. అడుగున నాణెం పడినా కనిపించేంత తేట నీళ్ళు, చుట్టూ అరటి తోటలు. ఊళ్ళోకీ అక్కడికీ గాలిలో తేడా హెల్మెట్ అద్దం ఎత్తితేనే తెలుస్తుంది. పొద్దున నంద్యాలలో ఉగ్గాని, బజ్జి మాత్రం వదులుకోకండి.

మూడో రోజు బనగానపల్లె మీదుగా యాగంటి. మామిడి ఇంకా పూర్తిగా దిగలేదు, దొరికినవి పుల్లగా ఉన్నాయి, బంగినపల్లిలో బంగినపల్లి తినలేకపోయామన్న దిగులు ఉండిపోయింది. యాగంటిలో కొండ నీడ, పుష్కరిణి. గంట అనుకుని రెండున్నర గంటలు కూర్చున్నాం. నన్నడిగితే ఈ దారిలో మధ్యాహ్నం గడపడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

మేం దాన్ని వదిలి కొలిమిగుండ్ల దారి పట్టాం. అదంతా నాపరాయి సీమ. రోడ్డుకు రెండు పక్కలా గనులు, బండలు కోసే, పాలిష్ పట్టే షెడ్లు. లారీ వెనక పడితే తెల్లటి పొడి పొగలా లేస్తుంది. ఆ పొడి తడిస్తే గచ్చులా గట్టిపడుతుంది, రేడియేటర్‌కు ఇంతకంటే పగవాడు లేడు. పైగా లారీ వెనక వచ్చేది దాని వేడిగాలి, అదీ సుడులు తిరుగుతూ. అందుకే నేను వంద మీటర్లు వెనక ఉండిపోయాను. బామ్మర్ది ఓపిక పట్టలేక దూసుకుపోయి, బేలం చేరేసరికి పిండిమరలోంచి వచ్చినవాడిలా ఉన్నాడు. బుల్లెట్ ఇంజిన్ రెక్కల మధ్య కూడా అదే పిండి. ఎయిర్ కూల్డ్‌కు టెన్షన్ లేదన్న మాట ఆ పూట వినిపించలేదు.

బేలం గుహలు 3,229 మీటర్లు, అందులో మనల్ని నడవనిచ్చేది సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు. రాతి గుహ చల్లగా ఉంటుందనుకుని వెళ్ళకండి, లోపల ఉక్క, చొక్కా పిండుకోవచ్చు. పై నుంచి గొట్టాల ద్వారా గాలి పంపుతున్నారు, అది తగిలే చోటల్లా జనం గుమిగూడి ఉన్నారు. ఆత్మకూరు పెద్దాయన వాకిలి, కిటికీ మాట గుర్తొచ్చి నాలో నేను నవ్వుకున్నాను. గుహ మాత్రం చూసి తీరాల్సిందే.

గండికోట చేరేసరికి సాయంత్రం ఐదు. పెన్నా లోయ ఎర్రమల రాళ్ళను కోసుకుంటూ కింద, వేసవి కాబట్టి నీళ్ళు అంచులకు దూరంగా. లోయ అంచున టెంట్లు వేస్తామని ఇద్దరు కుర్రాళ్ళు వెంటపడ్డారు. చలికాలమైతే సరే. ఏప్రిల్లో పగలంతా కాలిన బండ రాత్రి పదింటికి కూడా చెప్పు లేకుండా అడుగు పెట్టనివ్వదు. కోట దగ్గరి హరిత హోటల్లో గది దొరికింది. అడిగిన మొదటి మాట "పంపు ఎక్కడ?" మగ్గుతో రేడియేటర్ వెనక నుంచి నీళ్ళు పోస్తే సున్నం నీళ్ళలా తెల్లగా కారింది. ఐదో మగ్గుకు గానీ తేటపడలేదు. పొద్దున ఆరింటికి జుమా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ ఆలయం చూసి ఎనిమిదింటికల్లా బయటపడ్డాం. అంతకు మించి ఉంటే కళ్ళు తిరుగుతాయి.

తిరుగు దారి తాడిపత్రి, గుత్తి, అక్కడి నుంచి 44వ నంబరు హైవే. ఎనభైలో నిలకడగా వెళ్తే మీటర్ మూడో గడి దాటలేదు. కర్నూలు ఊళ్ళోకి పోకుండా బైపాస్ మీద సాగిపోయాం. మధ్యాహ్నం ఒంటిగంట ఎండ, ఇంజిన్ మీద నుంచి వచ్చే వేడిగాలి రెండు కాళ్ళకూ కుంపటి పెట్టినట్టు కొడుతోంది. ప్యాంటు మీద నుంచే పిక్కలు చుర్రుమంటున్నాయి.

పుల్లూరు టోల్ దాటాక నన్నారి బండి దగ్గర ఆగాం. బామ్మర్ది నా నడక చూసి "కాళ్ళు కాలుతున్నాయా బావా?" అన్నాడు.

"మాడిపోతున్నాయి రా" అన్నాను, ఎంతో సంతోషంగా.